వినియోగ కరదీపికల్లో ఉపశీర్షికలు: తెలుగు వాక్యనిర్మాణ దృష్టి

వినియోగ కరదీపికను ఆసాంతం చదివేవారు అరుదు. పని ఆగినప్పుడే దాన్ని తెరుస్తారు. అప్పుడు దారి చూపవలసింది ఉపశీర్షిక. జాన్ కారల్ 1990లో వెలువరించిన ‘ది న్యూరెంబర్గ్ ఫనెల్’ గ్రంథం, శిక్షణ సామగ్రిని పాఠకుడు చేయదలచిన పని చుట్టూ నిర్మించాలని ప్రతిపాదించింది. ఈ సూత్రాన్ని తెలుగుకు అన్వయించేటప్పుడు పదక్రమం ప్రశ్నగా మారుతుంది.

ఆంగ్లంలో ఇటువంటి శీర్షిక సాధారణంగా క్రియతో మొదలవుతుంది. తెలుగులో క్రియ చివరకు చేరుతుంది. ‘పాస్‌వర్డ్ మార్చడం’, ‘పాస్‌వర్డ్ మరచిపోతే’ అని వరుసగా ఉంటే భేదకమైన పదం తుదిన పడుతుంది. ముద్రిత ప్రతిలో ‘పాస్‌వర్డ్’ను పై శీర్షికగా ఒక్కసారి చెబితే చాలు. ఆన్‌లైన్ సహాయ పుటల్లో మాత్రం వెతికినప్పుడు ఉపశీర్షిక ఒంటరిగా కనిపించవచ్చు కనుక పూర్తిరూపమే మేలు.

అంతకంటె చిక్కు సమాసాలతో. ‘ఖాతా తొలగింపు’ అన్నప్పుడు కర్త ఎవరు? వినియోగదారుడా, సంస్థా? ‘ఖాతాను తొలగించుకోవడం’ అంటే ఆత్మార్థకమైన ‘కొను’ ఆ సందేహాన్ని తీరుస్తుంది. భాషలో సిద్ధంగా ఉన్న ఈ సౌలభ్యాన్ని వదిలి ‘తొలగింపు’నే పట్టుకోవడం అనువాదపు అలవాటు.

ప్రెషర్ కుక్కర్ వంటి వాటిలో సందిగ్ధత ప్రమాదకరం. ‘మూత తెరిచే విధానం’ అన్న శీర్షిక చూసి, కింది హెచ్చరిక చదవకుండానే మూతపై చేయి వేసేవారుంటారు. ‘ఆవిరి పూర్తిగా పోయాక మూత తెరవడం’ అంటే షరతు ముందే అందుతుంది. షరతు ముందు, పని తరువాత రావడం తెలుగు వాక్యానికి సహజం. ఆంగ్లమూలాన్ని అనుసరించి షరతును వెనక్కి నెడితే ఆ మేలు పోతుంది.