మేనరికంతో ముడిపడని వంశపు జబ్బు: హంటింగ్టన్ వ్యాధి

విజయవాడలో గానీ, గుడివాడ, బందరు వైపు పల్లెల్లో గానీ ఒక ఇంట్లో తరతరాలుగా ఏదో జబ్బు వస్తోందంటే పెద్దలు మొదట అడిగేది ఒక్కటే: ‘మేనరికమా?’ ఈ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. దగ్గరి చుట్టాల మధ్య పెళ్ళిళ్ళు కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఎన్నో తరాల ఆనవాయితీ. వాటి మీద శాస్త్రీయంగా లెక్కలు తీసినవారిలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌కు ఆయన శిష్యుడు. పి. మీరాఖాన్‌తో కలిసి 1960ల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాల గురించి, వాటి ఫలితాల గురించి వ్యాసాలు ప్రచురించారు. మేనరికం కొన్ని జబ్బుల ముప్పు పెంచుతుందన్నది నిజమే. కానీ హంటింగ్టన్ వ్యాధి ఆ కోవలోది కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్ల మన దగ్గర రెండు అనర్థాలు జరుగుతున్నాయి. ఏ సంబంధమూ లేని పెళ్ళి మీద నింద పడుతోంది. బయటి సంబంధం చేసుకున్నాం కాబట్టి మన పిల్లలకు భయం లేదని, ముప్పు ఉన్నవాళ్ళు ధీమాగా ఉంటున్నారు.

ముందు జబ్బేమిటో చూద్దాం. హంటింగ్టన్ వ్యాధి మెదడుకు వచ్చే వంశపారంపర్య జబ్బు. ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. అప్పటిదాకా మనిషి అందరిలాగే చదువుకుంటాడు, ఉద్యోగం చేస్తాడు, పెళ్ళి చేసుకుంటాడు, పిల్లల్ని కంటాడు. తర్వాత మార్పు మెల్లగా మొదలవుతుంది. వేళ్ళు వాటంతటవే కదులుతాయి. భుజం ఎగురుతుంది. ముఖం వంకరలు పోతుంది. నడుస్తుంటే ఒళ్ళు ఊగిపోతుంది. వైద్యులు ఈ కదలికల్ని కొరియా (మనిషి ప్రమేయం లేకుండా, ఒక చోట నుంచి మరో చోటికి పాకే కదలికలు) అంటారు. పార్కిన్సన్స్‌లో కనిపించే వణుకు వేరు. ఆ వణుక్కి ఒక లయ ఉంటుంది, దీనికి ఉండదు.

కంటికి కనబడేది కదలికే గానీ, చాలా ఇళ్ళలో జబ్బు మొదలయ్యేది మనసు దగ్గర. నెమ్మదస్తుడు చీటికీ మాటికీ మండిపడతాడు. దిగులు కమ్ముతుంది. అన్నిటి మీదా ఆసక్తి పోతుంది. వరస ప్రకారం చేయవలసిన పని, అంటే బ్యాంకు ఫారం నింపడమో, ఇంటి ఖర్చుల లెక్క చూడటమో తప్పిపోతుంటుంది. ఆత్మహత్య ముప్పు ఈ జబ్బులో మామూలు కంటే చాలా ఎక్కువ. దీన్ని ఇంట్లోవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. బయటివాళ్ళకు ఇవేవీ తెలియవు. తూలే నడక, ముద్దగా వచ్చే మాట, కోపం చూసి ‘తాగుడికి అలవాటుపడ్డాడు’ అంటారు. గాలి సోకిందని కొందరు తాయెత్తు కట్టిస్తారు. ఇంత బాధలో ఉన్న మనిషికి ఈ పేరు కూడా మోయాల్సి రావడం చాలా అన్యాయం.

1872లో అమెరికాలో జార్జ్ హంటింగ్టన్ అనే వైద్యుడు ఈ జబ్బును స్పష్టంగా వర్ణించాడు. అప్పటికి ఆయన వయసు 22. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో ఆయన తాత, తండ్రి కూడా వైద్యులే. మూడు తరాల వైద్యులు అవే కుటుంబాల్ని చూశారు. అందుకే ఆయనకు ఒక సంగతి అంత తేటగా కనిపించింది. జబ్బు పడినవాళ్ళ పిల్లల్లో కొందరికి అది వస్తుంది. రాకుండా తప్పించుకున్న బిడ్డ సంతానానికి మాత్రం ఇక రాదు. ఒక తరం వదిలేసి మనవల దగ్గర మళ్ళీ తలెత్తదు.

ఎందుకలా? మన ప్రతి జన్యువు (శరీరం ఒక ప్రొటీన్‌ను ఎలా తయారుచేసుకోవాలో చెప్పే రాత) రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తాయి. కొన్ని జబ్బులు రెండు ప్రతులూ చెడితేనే వస్తాయి. వీటిని అంతర్గత జబ్బులంటారు. విల్సన్ వ్యాధి ఇలాంటిదే. ఇందులో రాగి ఒంట్లో పేరుకుని కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీస్తుంది. చెడిన ప్రతి ఒక్కటే ఉన్నవాళ్ళు ఆరోగ్యంగానే ఉంటారు. అదే ప్రతి చుట్టాలిద్దరిలోనూ ఉండి, వాళ్ళు పెళ్ళి చేసుకుంటే, బిడ్డకు రెండూ చెడినవే అందవచ్చు. మేనరికం ముప్పు పెంచేది ఇక్కడ.

హంటింగ్టన్ అలా కాదు, బహిర్గత జబ్బు. ఒక్క ప్రతి చెడితే చాలు. జబ్బున్న తండ్రి దగ్గర ఒక మంచి ప్రతి, ఒక చెడిన ప్రతి ఉంటాయి. బిడ్డకు ఏదో ఒకటే ఇస్తాడు. కాబట్టి ప్రతి బిడ్డకూ ముప్పు సగానికి సగం. భార్యకూ చెడిన ప్రతి లేనంతవరకు, ఆమె మేనత్త కూతురైనా, వేరే రాష్ట్రం అమ్మాయైనా ఈ లెక్క మారదు. జబ్బున్నది తల్లికైనా లెక్క ఇదే. కొడుకైనా కూతురైనా ఒకటే. నలుగురు పిల్లలుంటే ఇద్దరికి ఖాయమని కూడా కాదు. నలుగురికీ రావచ్చు, ఎవరికీ రాకపోవచ్చు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటి నుంచే.

ఆ జన్యువు ఎక్కడుందో కనిపెట్టిన కథ వెనిజువెలాలో నడిచింది. అక్కడ మరకైబో సరస్సు ఒడ్డున జాలరి పల్లెల్లో ఈ జబ్బు ప్రపంచంలో మరెక్కడా లేనంత ఎక్కువగా ఉంది. నాన్సీ వెక్స్‌లర్ బృందం 1979 నుంచి పలుమార్లు అక్కడికి వెళ్ళి వంశవృక్షాలు గీసింది, రక్తం నమూనాలు సేకరించింది. నాన్సీ తల్లి ఇదే జబ్బుతో 1978లో పోయారు. ఆ నమూనాల సాయంతో 1983లో జన్యువు నాలుగో క్రోమోజోము మీద ఉందని తేలింది. జన్యువును పట్టుకోవడానికి మరో పదేళ్ళు పట్టింది. 1993లో దొరికింది. అది తయారుచేసే ప్రొటీన్‌కు హంటింగ్టిన్ అని పేరు పెట్టారు.

ఆ జన్యువు మొదట్లో సి, ఎ, జి అనే మూడు రసాయన అక్షరాల గుంపు వరసగా పదే పదే వస్తుంది. ఇది అందరిలోనూ ఉంటుంది. 26 లేదా అంతకు తక్కువసార్లు వస్తే భయం లేదు. 27 నుంచి 35 దాకా ఉన్నవాళ్ళకు జబ్బు రాదు గానీ, ముఖ్యంగా తండ్రి నుంచి బిడ్డకు వెళ్ళేటప్పుడు ఆ సంఖ్య పెరిగే అవకాశం ఉంటుంది. ఇంట్లో ముందెవరికీ లేని జబ్బు కొన్నిసార్లు కొత్తగా పుట్టేది ఇలాగే. 36 నుంచి 39 ఉంటే రావచ్చు, రాకపోవచ్చు. 40, ఆపైన ఉంటే మామూలు ఆయుష్షు బతికినవాళ్ళకు వచ్చి తీరుతుంది. సంఖ్య ఎంత పెద్దదైతే జబ్బు అంత ముందుగా మొదలవుతుంది. 60 దాటితే 20 ఏళ్ళలోపే కనిపించవచ్చు. పిల్లల్లో అది కదలికగా కాక బిగుసుకుపోవడంగా, ఫిట్స్‌గా, చదువులో వెనకబాటుగా రావచ్చు.

మరి పుట్టుకతోనే చెడిన జన్యువు ఉంటే నలభై ఏళ్ళు ఎందుకు ఆగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు ఈమధ్యనే తేటపడుతోంది. జన్యువులోని రాతను కణం ఎప్పటికప్పుడు సరిచూసుకుని మరమ్మతు చేసుకుంటుంది. ఒకే అక్షరాలు వరసగా వచ్చేచోట ఆ మరమ్మతు తడబడుతుంది. రామకోటి రాసేవారు లెక్క తప్పి ఒక నామం అదనంగా రాసినట్టు, ఒక గుంపు ఎక్కువ చేరుతుంది. 2025 జనవరిలో అమెరికా పరిశోధకులు చనిపోయిన రోగుల మెదడు కణాల్ని ఒక్కొక్కటిగా పరీక్షించి ప్రచురించిన ఫలితం ఇది: స్ట్రయేటం (మెదడు లోపలి భాగంలో కదలికను, ఆలోచన క్రమాన్ని నడిపే చోటు) అనే భాగంలోని కొన్ని కణాల్లో 40 ఉన్న సంఖ్య దశాబ్దాల తరబడి నెమ్మదిగా 80 దాకా పెరుగుతుంది. ఆ తర్వాత వేగం అందుకుని 150 దాటుతుంది. అక్కడి నుంచి ఆ కణం తన పని మరిచి చనిపోతుంది. అంటే యౌవనమంతా జబ్బు నిద్రపోవడం లేదు. లోపల లెక్క పెరుగుతూనే ఉంటుంది. ఆ మరమ్మతు చేసే జన్యువుల్లో మనిషికీ మనిషికీ ఉండే చిన్న తేడాల వల్లే, ఒకే సంఖ్య ఉన్న ఇద్దరిలో ఒకరికి ముందు, ఒకరికి తర్వాత జబ్బు రావచ్చు.

ఇంతటి ప్రాణాంతకమైన జన్యువు ఎప్పుడో తుడిచిపెట్టుకు పోవాలి కదా అని మీకు అనిపించవచ్చు. దానికి జవాబు చెప్పింది మళ్ళీ హాల్డేనే. 1941లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఈ జబ్బునే ఉదాహరణగా తీసుకున్నారు. జబ్బు బయటపడేసరికి పిల్లలు పుట్టేసి ఉంటారు. అప్పటికే జన్యువు అందవలసినవాళ్ళకు అందిపోతుంది. అందుకే ప్రకృతి దాన్ని ఏరివేయలేదు.

ఈ లక్షణాలున్న ప్రతివారికీ హంటింగ్టనే అనుకోవద్దు. ఐరోపా మూలాలున్నవారితో పోలిస్తే ఆసియాలో ఇది తక్కువ. షుగరు బాగా పెరిగిపోయిన పెద్దవాళ్ళలో ఒక్కసారిగా ఒక పక్క చెయ్యీ కాలూ ఎగరడం చూస్తాం. షుగరు అదుపులోకి వస్తే చాలావరకు తగ్గుతుంది. గొంతు నొప్పి తర్వాత కీళ్ళవాతం వచ్చిన పిల్లల్లోనూ ఇలాంటి కదలికలు వస్తాయి. థైరాయిడ్ జబ్బు గానీ, మానసిక జబ్బులకు ఏళ్ళ తరబడి వాడిన కొన్ని మందులు గానీ కారణం కావచ్చు. ఇందాక చెప్పిన విల్సన్ వ్యాధికైతే మంచి మందులున్నాయి. అందుకే మొదట వెళ్ళాల్సింది న్యూరాలజిస్టు దగ్గరికి. తాయెత్తు దగ్గర పోయే ఒక్కో నెలా నయమయ్యే జబ్బున్న మనిషికి తీరని నష్టం.

హంటింగ్టన్ అనుమానం ఉంటే నిర్ధారణకు రక్తపరీక్ష చాలు. విజయవాడలో రక్తమిస్తే నమూనాను జన్యుపరీక్షలు చేసే ల్యాబుకు పంపుతారు. కష్టమంతా పరీక్షకు ముందు, ఫలితానికి తర్వాత చెప్పవలసిన మాటల్లో ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో జన్యువైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. బెంగళూరు నిమ్హాన్స్ ఈ జబ్బు కుటుంబాల్ని చాలా ఏళ్ళుగా చూస్తోంది.

జబ్బున్నవారికి పరీక్ష చేయడం ఒక సంగతి. ఏ లక్షణమూ లేని పాతికేళ్ళ కొడుక్కో కూతురికో చేయడం పూర్తిగా వేరే సంగతి. జబ్బును ఆపే మందు లేనప్పుడు ముందే తెలుసుకుని ఏం చేయాలి? కొందరికి తెలియకపోవడమే నరకం. కొందరికి తెలిస్తే బతకలేమనిపిస్తుంది. పాశ్చాత్య దేశాల్లో కూడా ముప్పున్నవారిలో తక్కువమందే ముందస్తు పరీక్షకు వస్తున్నారు. జన్యువును వెతికిన నాన్సీ వెక్స్‌లరే ఏళ్ళ తరబడి పరీక్ష వద్దనుకున్నారు. తనకూ జబ్బు వచ్చిందని 2020లో లోకానికి చెప్పారు. అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. నిర్ణయం ఆ మనిషిది మాత్రమే. లక్షణాల్లేని మైనర్లకు చేయకూడదు. కౌన్సెలింగ్ లేకుండా చేయకూడదు. పెళ్ళిచూపులకు ముందు అవతలివాళ్ళు అడిగారనో, తండ్రి పట్టుబట్టాడనో, హెల్త్ చెకప్ పేరు చెప్పి రక్తం తీయించడం నా దృష్టిలో హింస. పైగా జన్యుఫలితం చూసి ఉద్యోగంలోనో బీమాలోనో వివక్ష చూపకూడదని ప్రత్యేకంగా చెప్పే చట్టం మనకు ఇంకా లేదు. ఫలితం ఒకసారి బయటికి పొక్కితే వెనక్కి తీసుకోలేం.

పిల్లల్ని కనాలనుకునే దంపతులకు దారులున్నాయి. గర్భం మూడో నెల నుంచి మాయ ముక్కనో, తర్వాత ఉమ్మనీటినో పరీక్షించవచ్చు. 1994 నాటి గర్భస్థ పరీక్షల చట్టం లింగనిర్ధారణనే నిషేధించింది. కుటుంబంలో జన్యువ్యాధి ఉంటే దాని కోసం పరీక్షను అనుమతిస్తుంది. ఐవీఎఫ్ పద్ధతిలో పిండాన్ని ముందే పరీక్షించి, చెడిన జన్యువు లేనిదాన్ని గర్భంలో పెట్టడం మరో దారి. అది ఖర్చుతో కూడుకున్నది.

చికిత్స సంగతి. కదలికల్ని టెట్రాబెనజిన్ తగ్గిస్తుంది, కానీ దిగులును పెంచవచ్చు. అందుకే డాక్టరు కనుసన్నల్లోనే వాడాలి. దిగులుకు, కోపానికి వేరే మందులున్నాయి, అవి బాగా పనిచేస్తాయి. నిరంతర కదలిక వల్ల ఒంట్లో శక్తి కరిగిపోతుంది. అందుకని రోజూ తినేదానికంటే ఎక్కువ తినిపించాలి. మింగడం కష్టమయ్యాక అన్నం మెత్తగా చేసి, కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా పెట్టాలి. ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారి వచ్చే న్యుమోనియానే చాలామంది ప్రాణం తీస్తుంది. లక్షణాలు మొదలయ్యాక సుమారు 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతారు. ఆ ఏళ్ళు ఎలా గడుస్తాయన్నది ఇంట్లోవాళ్ళ చేతుల్లో చాలావరకు ఉంది.

జబ్బు మూలాన్నే కొట్టే ప్రయత్నాలు సాగుతున్నాయి. టోమినర్సెన్ అనే మందు మీద పెద్ద పరీక్షను 2021లో నిలిపేశారు. 2025 సెప్టెంబరులో ఒక కంపెనీ ఆపరేషన్‌తో నేరుగా మెదడులోకి ఎక్కించే జన్యుచికిత్స మూడేళ్ళలో జబ్బు వేగాన్ని బాగా తగ్గించిందని ప్రకటించింది. ఎక్కువ మోతాదు తీసుకుని మూడేళ్ళు పూర్తయినవాళ్ళు డజను మందే. పోలిక కూడా బయటి రోగుల రికార్డులతో చేశారు. ఆశపడటానికి కారణం ఉంది. ఆస్తి అమ్మి విదేశాలకు పరుగెత్తడానికి ఇంకా లేదు.

చివరిగా ఒక మనవి. మీ ఇంట్లో ఇలాంటి జబ్బుతో ఎవరైనా ఉంటే, వారి అంగీకారంతో, వారు ఉండగానే ఆ రక్తపరీక్ష చేయించి కాగితం దాచండి. జబ్బు పేరు రూఢి అయ్యేది జబ్బున్న మనిషి రక్తంతోనే. ఆ కాగితం ఉంటే రేపు పిల్లలు ఏ నిర్ణయం తీసుకున్నా తెలిసి తీసుకుంటారు. అది లేకపోతే ఏ జబ్బుకు పరీక్ష చేయాలో డాక్టరు కూడా ఊహించుకోవలసి వస్తుంది.