సొసైటీ లెక్కలు కొత్త కంప్యూటరులోకి... మీ పద్దు సరిగ్గా ఎక్కిందా?

కృష్ణా పశ్చిమ డెల్టాలో చిన్న రైతుకు సొసైటీతో పని పడని సంవత్సరం ఉండదు. వరికి పంట రుణం, యూరియా బస్తాలు, వరి కోశాక మినుముకో మొక్కజొన్నకో పెట్టుబడి... తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లలో ఎకరం, రెండెకరాలు చేసుకునేవారికి దగ్గరి దిక్కు ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘమే. ఆ సంఘం ఆవర్జాలో రైతు పేరు కింద ఉన్న నాలుగు అంకెలే అతని పరపతి. ఆ అంకెలు పాత పుస్తకాల నుంచి, పాత కంప్యూటర్ల నుంచి కొత్త చోటికి మారుతున్నాయి. మారేటప్పుడు ఒక్క అంకె అటూ ఇటూ అయినా భారం పడేది రైతు మీదే. అందుకే ఎవరి పద్దు వారు ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

దేశంలోని 63,000 సంఘాలను ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తెచ్చేందుకు 2,516 కోట్ల రూపాయల పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్ 29న ఆమోదం తెలిపింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారు చేయించే బాధ్యత నాబార్డు తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2,000కు పైగా సంఘాలు ఈ పథకంలోకి వచ్చాయి. మీ సంఘంలో మార్పు పూర్తయినా, ఇంకా నడుస్తున్నా రైతు చేయాల్సిన పని మాత్రం ఒక్కటే.

అసలు ఏం మారుతోంది?

మన సొసైటీల లెక్కలు చాలాకాలం చేతిరాతతోనే నడిచాయి. రోజువారీ చిట్టా, ఆవర్జా, రశీదు పుస్తకం, షేరు ధనం పుస్తకం... అన్నీ బీరువాలో ఉండేవి. 1987లో మన రాష్ట్రంలో ఏకగవాక్ష విధానం వచ్చాక స్వల్పకాలిక పంట రుణాలు, దీర్ఘకాలిక రుణాలు ఒకే సంఘం నుంచి ఇవ్వడం మొదలైంది. దాంతో పుస్తకాలూ పెరిగాయి, లెక్కలూ పెరిగాయి. తర్వాత కొన్ని సంఘాలు కంప్యూటరు కొన్నాయి. అయితే దేశంలో ఒక్కో చోట ఒక్కో సాఫ్ట్‌వేర్. ఒకదాని లెక్క ఇంకోదానికి అర్థం కాదు. పైగా ఆ లెక్కలన్నీ సంఘంలో ఉన్న ఆ ఒక్క కంప్యూటరులోనే ఉంటాయి. అది కాలిపోయినా, తుపానుకు నీళ్లు చేరినా ఊరి లెక్కంతా పోయినట్టే.

కొత్త పద్ధతిలో మూడు మాటలు తరచూ వినపడతాయి. సాఫ్ట్‌వేర్ అంటే లెక్కలు రాసే గుమాస్తా అనుకోండి. డేటాబేస్ అంటే ఆ గుమాస్తా రాసే ఆవర్జా. సర్వర్ అంటే ఆవర్జాలు భద్రంగా పెట్టే బీరువా. ఇదివరకు ఈ మూడూ ఊళ్లోనే ఉండేవి. ఇప్పుడు బీరువా ఎక్కడో దూరాన ఉంటుంది, సొసైటీలో కంప్యూటరు ముందు కూర్చుని నెట్‌వర్కు ద్వారా దాన్ని తెరుస్తారు. ఇందులో మేలు ఉంది. లెక్కకు నకళ్లు ఉంటాయి. ఏ రోజు లెక్క ఆ రోజే జిల్లా కేంద్ర సహకార బ్యాంకుకు కనపడే వీలుంటుంది. ఎవరు ఎప్పుడు అంకె దిద్దారో గుర్తు మిగులుతుంది. సభ్యుడికి తెలియకుండా అతని పేరున అప్పు రాసుకున్న సంగతులు గతంలో రాష్ట్రంలో బయటపడ్డాయి. అలాంటివి దాచడం ఇకముందు అంత తేలిక కాదు.

పాత గాదె, కొత్త గోదాము

అయితే బీరువా మారినంత మాత్రాన లోపలి లెక్క బాగుపడదు. పాత గాదెలో ధాన్యాన్ని కొత్త గోదాములోకి మార్చేటప్పుడు రైతు ఏం చేస్తాడు? తూర్పారబడతాడు, పుచ్చు గింజలు ఏరేస్తాడు, తూకం వేస్తాడు, బస్తాలు లెక్కపెడతాడు. ఆ పని చేయకుండా ఎత్తి పోస్తే పురుగు కూడా కొత్త గోదాములోకి వెళ్తుంది. లెక్కలదీ అంతే. ఒక తేదీని గీతగా పెట్టుకుని, ఆ రోజుకు ప్రతి సభ్యుడి నిల్వ తేల్చి, మొత్తం కూడి, బ్యాంకు లెక్కతో సరిపోల్చాలి. ఆ నిల్వే కొత్త కంప్యూటరులో మొదటి అంకె అవుతుంది. అది తప్పయితే ఆపైన వేసే వడ్డీ, చూపే బాకీ అన్నీ తప్పే. చేతిరాత పుస్తకంలో తప్పు ఉంటే పక్కన కొట్టివేతలు చూసి అనుమానం వస్తుంది. కంప్యూటరు కాగితం మీద తప్పు కూడా ముత్యాల్లాంటి అక్షరాల్లో వస్తుంది. అందుకే జనం తేలిగ్గా నమ్మేస్తారు.

తప్పులు దొర్లేది ఎక్కడ?

మొదటిది పేర్లు. పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరం, తెలుగులో పేరు ఉంటుంది. ఆధార్‌లో ఇంగ్లీషులో ఇంకో రకంగా ఉంటుంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు కోటేశ్వరరావులు ఉండటం మన వైపు వింతేమీ కాదు. తండ్రి పేరు చూడకుండా ఎక్కిస్తే ఒకరి బాకీ ఇంకొకరికి చుట్టుకుంటుంది. ఒకే మనిషికి రెండు ఖాతాలు పడటమూ ఉంటుంది.

రెండోది తేదీలు. మనం 10/7 అని రాస్తే జూలై 10 అని అర్థం. నెలను ముందు చదివే పద్ధతిలో అమర్చిన కంప్యూటరు దాన్నే అక్టోబరు 7 అనుకుంటుంది.

మూడోది చుక్కలు. ఎకరా 20 సెంట్లు 1.20 అని ఉండాల్సింది చుక్క జరిగితే 12 ఎకరాలవుతుంది. 4,000 బాకీ 40,000 అవుతుంది.

నాలుగోది ఎక్కని రశీదులు. రైతు పైకం కట్టాడు, రశీదు తీసుకున్నాడు. అది చిట్టాలో ఉంది కానీ ఆవర్జాకు ఎక్కలేదు. ఆవర్జా చూసి కొత్త కంప్యూటరులోకి ఎక్కిస్తే కట్టిన సొమ్ము కట్టనట్టే చూపుతుంది.

అయిదోది చనిపోయిన సభ్యుల ఖాతాలు. నాన్నగారి పేరున షేరు ధనం, పాత బాకీ అలాగే ఉంటాయి. కొడుకులు పొలం పంచుకుంటారు, సొసైటీలో మాత్రం పేరు మార్పించుకోరు. ఆధార్ అడిగే కొత్త పద్ధతిలో ఇవి ఎటూ కాకుండా నిలిచిపోయే ప్రమాదం ఉంది.

ఇంకో చిక్కు మన ప్రాంతానికే ఉంది. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా విడిపోయింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. పాత కాగితాల్లో గుంటూరు జిల్లా అనే ఉంటుంది. చిరునామా తేడా చూసి కంగారు పడనక్కర్లేదు కానీ, ఊరు, మండలం, సర్వే నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

రూపాయల్లో నష్టం ఎంత?

3 లక్షల వరకు పంట రుణానికి కిసాన్ క్రెడిట్ కార్డు కింద వడ్డీ 7 శాతం. గడువులోపల కట్టినవారికి 3 శాతం తగ్గుతుంది, అంటే 4 శాతమే పడుతుంది. లక్ష రూపాయల అప్పు ఏడాదికి చూస్తే 7,000కు బదులు 4,000. గడువు ఆగస్టు అనుకుందాం. రైతు జూలై 10న కట్టాడు. కంప్యూటరులో అక్టోబరు 7 అని పడింది. 3,000 రూపాయల రాయితీ పోయినట్టే. అంతటితో ఆగదు. గడువు మీరిన బాకీదారుగా పేరు పడితే వచ్చే పంటకు రుణం దొరకదు. భూమి మీద సొసైటీ తనఖా తొలగకపోతే ఇంకో బ్యాంకు కూడా అప్పివ్వదు. అప్పుడు మళ్లీ వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కాల్సిందే.

రిజిస్ట్రేషన్ ఆఫీసు నేర్పిన పాఠం

పాత లెక్కలు కంప్యూటరులోకి మారడం మనకు కొత్త కాదు. 1998 నవంబరులో రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణ మొదలైంది. ఈరోజు కంప్యూటరులో ఈసీ తీస్తే 1983 నుంచే వివరాలు వస్తాయి. తాత 1975లో కొన్న పొలం అందులో కనపడదు. అంత మాత్రాన దస్తావేజు లేదని కాదు. పాత పుస్తకాలు వెతికించుకోవాలి. కంప్యూటరులో లేనిదంతా అసలు లేనిదేనని అనుకోకూడదు. పాత కాగితం విలువ తెలిసేది అప్పుడే.

పెద్ద బ్యాంకులకూ ఈ తిప్పలు తప్పలేదు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ అనే బ్యాంకు 50 లక్షలకు పైగా ఖాతాదారుల లెక్కలను వారాంతంలో కొత్త కంప్యూటర్లకు మార్చింది. తగినంత పరీక్షించకుండా మార్చడంతో దాదాపు 19 లక్షల మంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. ఇబ్బందులు నెలల తరబడి సాగాయి. అక్కడి నియంత్రణ సంస్థలు 2022 డిసెంబరులో ఆ బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. అంత బలగం ఉన్న బ్యాంకుకే అలా జరిగితే, ఇద్దరు ముగ్గురు సిబ్బందితో నడిచే మన సొసైటీలో తప్పులు దొర్లడంలో ఆశ్చర్యం లేదు. సెక్రటరీ గారితో తగవు పెట్టుకోవడానికి ఇది కారణం కాకూడదు. ఇద్దరూ కూర్చుని లెక్క తేల్చుకోవడానికి కారణం కావాలి.

రైతులు చేయాల్సినవి

1. ఇంట్లో ఉన్న పాసు పుస్తకం, అప్పు కాగితాలు, కట్టిన రశీదులు, షేరు ధనం కాగితం, డిపాజిట్ బాండు ఒక సంచిలో చేర్చండి. లెక్క కుదిరేదాకా పాత కాగితం ఒక్కటి కూడా పారేయవద్దు.

2. సొసైటీకి వెళ్లి కొత్త కంప్యూటరులో మీ ఖాతా వివరాల కాగితం అడగండి. "బాకీ ఎంతండీ?" అని నోటిమాటగా అడిగి వచ్చేయవద్దు. ముద్రించిన కాగితం మీద సంఘం ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి.

3. అందులో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఆధార్ చివరి అంకెలు, ఫోను నంబరు, సర్వే నంబరు, ఎకరాలు సెంట్లు, అప్పు తీసుకున్న తేదీ, కట్టిన తేదీలు, అసలు, వడ్డీ, షేరు ధనం ఒక్కొక్కటిగా మీ కాగితాలతో పోల్చండి. చదవడం రాకపోతే చదువుకునే పిల్లల్ని వెంటబెట్టుకెళ్లండి.

4. తీసుకోని అప్పు మీ పేరున కనపడితే ఆలస్యం చేయవద్దు. ఆ రోజే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి.

5. సంఘంలో పని కాకపోతే కేంద్ర సహకార బ్యాంకు శాఖకు, అక్కడా కాకపోతే జిల్లా సహకార అధికారికి అర్జీ పెట్టుకోండి. రశీదుల జిరాక్సులే ఇవ్వండి, అసలు కాగితాలు చేతిలోనే ఉంచుకోండి.

6. చనిపోయినవారి పేరున ఖాతా ఉంటే మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలతో మార్పు చేయించుకోండి.

7. కంప్యూటరు మారుతోందని చెప్పి ఫోనులో ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పవద్దు. మీ పాత నిల్వ ఎక్కించడానికి ఆ నంబరుతో పని లేదు.

సంఘాలు చేయాల్సినవి

పాత పుస్తకాలు అటకెక్కించే ముందు కనీసం ఒక పంట కాలం రెండు లెక్కలూ పక్కపక్కన నడిపితే తేడాలు అప్పటికప్పుడే తెలుస్తాయి. వెనకటి రోజుల్లో సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదివి వినిపించేవారు. అదే పద్ధతిలో ఒక రోజు పెట్టి, టముకు వేయించి, సభ్యులందర్నీ పిలిచి ఎవరి నిల్వ కాగితం వారికి చేతికిస్తే సగం తప్పులు ఆ పూటే బయటపడతాయి. సిబ్బందికి కూడా తర్వాత మాట పడే బాధ తప్పుతుంది.

కౌలు రైతులు ఇంకాస్త జాగ్రత్త పడాలి. సాగు హక్కు పత్రం చూపి తీసుకున్న అప్పు కౌలుదారు పేరుననే ఎక్కిందా, పొలం యజమాని ఖాతాకు చుట్టిందా అన్నది చూసుకోవాలి.

ఈ పనికి అయ్యేది ఒక పూట, నాలుగు జిరాక్సు కాగితాల ఖర్చు. వచ్చే పంటకు అప్పు కోసం సొసైటీ మెట్లెక్కే ముందే ఆ పూట కేటాయించుకుంటే, పెట్టుబడి వేళ బాకీ తగాదాతో తిరగాల్సిన అవసరం రాదు.