డబ్బు కట్ అయింది, అవతల పడలేదు: ‘పెండింగ్’ అంటే ఏమిటి?

ఎమ్మిగనూరు నుంచి చెల్లెలు ఆదోనిలో ఉన్న భాయ్‌కి ఫోన్‌లో 2,000 రూపాయలు పంపింది అనుకోండి. ఇక్కడ డబ్బు కట్ అయింది, అక్కడ పడలేదు, స్క్రీన్ మీద ‘పెండింగ్’. భాయ్ “రాలేదమ్మా” అన్నాడని ఇంకోసారి పంపేసింది. సాయంత్రానికి రెండూ పడ్డాయి. సొంత అన్న కాబట్టి తిరిగి ఇస్తాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళయితే?

ఇందులో ఉన్నవి రెండు బ్యాంకులు, రెండు లెక్కల పుస్తకాలు. రెండూ ఒకే మాట మీద ఉండాలి. దీనికి కంప్యూటర్ శాస్త్రంలో ఉన్న పాత పద్ధతి మన నికాహ్ లాంటిది. వకీల్, గవాహ్‌లు వెళ్ళి అమ్మాయి ఒప్పుదల తెస్తారు, ఖాజీ సాబ్ అబ్బాయిని అడుగుతారు. ఇద్దరూ ‘ఖుబూల్’ అంటేనే నికాహ్. డేటాబేస్ లావాదేవీల మీద చేసిన పనికి 1998లో ట్యూరింగ్ అవార్డు పొందిన జిమ్ గ్రే కూడా దీన్ని పెళ్ళితోనే పోల్చాడు.

ఈ షరతులను ఉన్నవి ఉన్నట్టు రాస్తే అదే ప్రోగ్రాంగా నడిచే భాషలున్నాయి. 1972లో ఫ్రాన్సులోని మార్సేలో పుట్టిన ప్రోలాగ్ అలాంటిదే. ‘ముందు ఇది చెయ్, తర్వాత అది చెయ్’ అని చెప్పక్కర్లేదు. ‘ఇద్దరూ సరే అంటే ఖరారు. ఒక్కరు కాదన్నా రద్దు.’ ఈ రెండు మాటలు చాలు, యంత్రం వాటి నుంచే జవాబు తీస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఒక బ్యాంకు సరే అంది, రెండోది ఉలకలేదు, పలకలేదు. లైన్ పోయిందేమో. ప్రోలాగ్ మామూలుగా, రుజువు కానిదాన్ని ‘కాదు’ అనే లెక్కేస్తుంది. డబ్బు విషయంలో అది ప్రమాదం. ‘కాదని జవాబు వచ్చింది’ వేరు, ‘జవాబే రాలేదు’ వేరు. అందుకే ఈ మూడో స్థితికి విడిగా షరతు రాయాలి. చెల్లెలు చేసిన పొరపాటూ ఇదే: పెండింగ్‌ను ఫెయిల్ అనుకుంది.

యూపీఐలో వరస కొంచెం వేరు. ముందు పంపినవారి ఖాతాలో తీస్తారు, తర్వాత అవతల వేస్తారు, వెయ్యడం కుదరకపోతే వెనక్కి ఇస్తారు. దీనికి గడువు ఉంది. 2019 సెప్టెంబరు 20 నాటి రిజర్వ్ బ్యాంక్ ఉత్తర్వు ప్రకారం, మనిషి నుంచి మనిషికి పంపినది అవతల పడకపోతే మరుసటి రోజులోపు వెనక్కి రావాలి. దుకాణానికి కట్టినదైతే 5 రోజులు. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. దీన్ని మనం అడగకుండానే ఇవ్వాలి.

కాబట్టి పెండింగ్ అని ఉన్నంతసేపు మళ్ళీ నొక్కకండి. లావాదేవీ నంబరు రాసి పెట్టుకోండి. గడువు దాటితే ముందు యాప్‌లో, తర్వాత మీ బ్యాంకులో ఆ నంబరుతోనే ఫిర్యాదు ఇవ్వండి. గూగుల్‌లో దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబర్లకు మాత్రం ఫోన్ చేయకండి, పిన్ ఎవరికీ చెప్పకండి.