మైకు ఎంత దూరంలో ఉండాలి?

బాలలూ!

మీ చెవికీ, మైకుకూ తేడా ఏమిటో చెప్పగలరా? "చెవికి ప్రాణం ఉన్నది, మైకుకు లేదు" అని చెప్పేస్తారు. నిజమే. కాని మనకు పనికివచ్చే తేడా మరొకటి ఉన్నది. తిరునాళ్ళలో ఎంత గోలగా ఉన్నా, అమ్మ పేరు పెట్టి పిలిస్తే మీకు వినిపిస్తుంది. ఎందుకంటే మీ రెండు చెవుల వెనక మెదడు ఉన్నది. అది కావలసిన శబ్దాన్ని ఏరుకుని, అక్కరలేనిదాన్ని పక్కకు నెట్టేస్తుంది. మైకుకు ఈ తెలివి లేదు. మీ మాటా, ఫాను చప్పుడూ, వంటింట్లో కుక్కరు కూతా దానికి ఒక్కటే. ఏది గట్టిగా వస్తే దాన్నే గట్టిగా పంపుతుంది.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, మైకును ఎన్నుకోవటం, దాన్ని అమర్చటం రెండూ తేలికే.

ఇంటింటా ఒక రేడియో కేంద్రం

ఒకప్పుడు మన మాట ఊరంతా వినాలంటే రేడియో కేంద్రానికి వెళ్ళవలసిందే. హైదరాబాదులో నిజాం కాలంలో దక్కన్ రేడియో ఉండేది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో చేరింది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారూ, రేడియో అక్కయ్య కామేశ్వరి గారూ పిల్లలను మైకు ముందు కూర్చోబెట్టి పాటలు పాడించేవారు, నాటికలు వేయించేవారు. ఉషశ్రీ గారు భద్రాచలంలో సీతారామ కల్యాణం జరుగుతుంటే అక్కడినుంచే రేడియోలో వ్యాఖ్యానం చెప్పేవారు. ఎక్కడో పల్లెలో అరుగు మీద కూర్చున్న ముసలమ్మకు కూడా పెళ్ళి కళ్ళ ఎదుట జరుగుతున్నట్టే ఉండేది. ఆమె చూసినది ఏమీ లేదు. విన్నది మాత్రమే!

ఈనాడు సెల్‌ఫోను ఉన్న ప్రతి ఇల్లూ ఒక చిన్న ప్రసార కేంద్రం కాగలదు. మాట్లాడుతూ ఉండగానే ఇతరులకు చేరే ఈ ప్రసారాన్ని 'లైవ్' అంటున్నారు. సినిమాలో తప్పు వస్తే మళ్ళీ తీస్తారు. లైవులో ఆ వీలు లేదు. నోరు దాటిన మాట దాటినట్టే. అందుకని ముందే అన్నీ సరిచూసుకోవాలి.

ఈగ నడక వినిపించింది

మైకు చేసే పని ఒక్క మాటలో చెప్పవచ్చు. గాలిలోని కదలికను అది విద్యుత్తులోని కదలికగా మారుస్తుంది. మనం మాట్లాడితే గాలి అలలు అలలుగా కదులుతుంది. ఆ అలలు మైకులోని పలచని పొరను తాకుతాయి. పొర అదురుతుంది. ఆ అదురుకు తగినట్టు విద్యుత్తు హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది.

1878లో డేవిడ్ హ్యూస్ అనే శాస్త్రజ్ఞుడు లండనులో ఒక మైకు తయారు చేసి చూపించాడు. దాని మీద ఈగ నడిస్తే ఆ అడుగుల చప్పుడు కూడా వినిపించిందని ఆనాటివారు ఆశ్చర్యపోయారు. హ్యూస్ దానికి పేటెంటు తీసుకోలేదు, అందరూ వాడుకోవచ్చునన్నాడు. 1962లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ అనే ఇద్దరు కలిసి, విద్యుదావేశాన్ని తనలోనే దాచుకుని ఉంచే ఒక పొరతో మైకు చేశారు. దానివల్లనే మైకులు చిన్నవీ, చవకవీ అయినాయి. చొక్కాకు తగిలించుకునే గింజంత మైకు ఆ జాతిదే.

ఏ మైకు కొనాలి?

ఈ ప్రశ్న పెద్దవాళ్ళు కూడా అడుగుతారు. మా శ్రీనగర్ కాలనీలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

మా వీధిలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఉన్నది. ఆమె అమ్మమ్మ తెనాలిలో ఉంటుంది. ఆ పెద్దావిడకు కథల పుస్తకాలంటే ప్రాణం. కాని చూపు పోయింది. మనవరాలు ఆలోచించి, ప్రతి ఆదివారం ఒక కథ లైవులో చదువుతానన్నది. మాట వినగానే అమ్మమ్మ తన ఈడు వాళ్ళను మరి నలుగురిని పోగుచేసింది. మొదటి ఆదివారం అమ్మాయి మంచి బట్టలు కట్టుకుని, ముందు గదిలో ఫోనును అల్మారా మీద పెట్టి, ఎదురుగా కూర్చుని చక్కగా చదివింది. అయిపోగానే అమ్మమ్మ ఫోను చేసి, "అమ్మాయ్, నువ్వు నూతిలో కూర్చుని చదివావుటే? సగం మాటలు తెలియనే లేదు" అన్నది.

పిల్ల చిన్నబుచ్చుకున్నది. తండ్రి వెంటనే వేలు పోసి పెద్ద మైకు కొంటానన్నాడు. "కొనేముందు రెండు పరీక్షలు చేద్దాం, ఉండండి," అన్నాను.

మొదటి పరీక్షకు ఫోనును ఆ అల్మారా మీదనే ఉంచి, రెండు వాక్యాలు చదివించి రికార్డు చేశాం. అమ్మాయి నోటికీ ఫోనుకూ మధ్య జానతో కొలిస్తే ఆరు జానలున్నది. రెండో పరీక్షకు పడకగదిలోకి వెళ్ళి, ఫాను ఆపి, అదే ఫోనును జానెడు దూరంలో ఉంచి, అవే వాక్యాలు చదివించాం. రెండూ వినేసరికి అమ్మాయి, "మాస్టారు తాతగారూ, ఇది వేరే ఫోనులాగా ఉన్నదే!" అన్నది.

ఫోను మారలేదు. దూరం మారింది, గది మారింది. అంతే.

అయితే కొత్త చిక్కు వచ్చింది. జానెడు దూరంలో పెడితే తెర మీద ముక్కూ నోరూ తప్ప ఏమీ కనబడలేదు. అసలు కిటుకు ఇక్కడ ఉన్నది. కెమెరాకు దూరం కావాలి. మైకుకు దగ్గర కావాలి. ఒకే పెట్టెలో ఉన్న రెండూ ఒకే చోట ఉండక తప్పదు. మైకు విడిగా కొనటం ఎందుకంటే, దాన్ని కెమెరా నుంచి విడదీసి నోటి దగ్గరకు తీసుకురావటానికే! ఆ పని కొన్ని వందల రూపాయలకు దొరికే కాలరు మైకు చేస్తుంది. తండ్రి అదే కొన్నాడు. మరుసటి ఆదివారం అమ్మమ్మ, "ఇవాళ శకారం, సకారం వేరువేరుగా వినబడ్డాయి" అన్నదట.

కనుక క్రమం ఇది. కదలకుండా కూర్చుని ఫోనుతో లైవు చేసేవారికి తీగ ఉన్న కాలరు మైకు చాలు. కంప్యూటరు ముందు కూర్చుని పాఠం చెప్పేవారికి బల్ల మీద పెట్టే యూఎస్‌బీ మైకు అనుకూలం. దానికి కావలసిన విద్యుత్తు కంప్యూటరే ఇస్తుంది. కచేరీలలో చేత పట్టుకునే డైనమిక్ మైకు దూరపు చప్పుళ్ళను అంతగా పట్టదు కాని, దానికి నోరు బాగా దగ్గరగా ఉండాలి. దాన్ని కంప్యూటరుకు కలపటానికి సాధారణంగా ఇంకొక పెట్టె కూడా కావాలి. మొదలుపెట్టేవారికి అది తొందర.

కొట్లో కొనేటప్పుడు మీ ఫోను వెంట తీసుకువెళ్ళండి. గుండ్రని పిన్ను ఉన్న మైకు అయితే పిన్ను మీద నల్లని గీతలు లెక్కపెట్టండి. ఫోనుకు సరిపోయేదానికి మూడు గీతలుంటాయి. రెండే ఉంటే అది కెమెరాల కోసం చేసినది కావచ్చు. ఫోనుకు గుండ్రని రంధ్రమే లేకపోతే టైప్-సి రకం అడగండి. అక్కడే తగిలించి, రికార్డు చేసి, విని కొనండి.

జాన లెక్క

దూరం అంత పని ఎందుకు చేస్తుంది? రబ్బరు బూరను ఊదండి. అది పెద్దదైనకొద్దీ రబ్బరు పలచబడుతుంది. మీ నోటి నుంచి బయలుదేరిన శబ్దం కూడా అట్లాగే అన్ని వైపులా వ్యాపిస్తూ పలచబడుతుంది. జానెడు దూరంలో మైకుకు అందే శబ్దశక్తి 1 అనుకోండి. రెండు జానల దూరంలో అది నాలుగో వంతు. మూడు జానల దూరంలో తొమ్మిదో వంతు. ఆరు జానలకు ముప్పైఆరో వంతు! కాని ఫాను చప్పుడు తగ్గదు, వీధిలో ఆటోల మోత తగ్గదు. మీ మాట పలచబడి, గోల గోలగానే ఉంటుంది. ఎంత ఖరీదు మైకు కొన్నా ఈ లెక్క తప్పదు.

గది సంగతి

గోలకొండ కోట వాకిట్లో చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిస్సారులో వినిపిస్తుందని మీకు తెలుసు. అక్కడ రాతి కప్పు శబ్దాన్ని తిప్పికొట్టటం కోటకు మేలు చేసింది. మన గదిలో అదే కీడు చేస్తుంది.

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మూడు మీటర్ల దూరంలో ఉన్న గోడను తాకి తిరిగి రావటానికి దానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు. అంత త్వరగా వచ్చేది ప్రతిధ్వనిగా విడిగా వినబడక, మాటలోనే కలిసిపోతుంది. అందుకే నూతిలో మాట్లాడినట్టుంటుంది.

గదిని పరీక్షించటం సులభం. మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. చప్పట వెనక తోక వినిపిస్తే ఆ గది పనికిరాదు. నునుపు గచ్చూ, ఖాళీ గోడలూ ఉన్న చోట తోక పొడుగు. పరుపూ, బొంతలూ, తెరలూ, పుస్తకాల అరా ఉన్న చోట పొట్టి. మైకు కొనే డబ్బు లేకపోయినా, బీరువా తలుపు తీసి బట్టల ఎదుట కూర్చుని చూడండి!

పంజాగుట్ట, అమీర్‌పేట రోడ్లకు దగ్గరగా ఉండే మాబోటివారికి వీధి గోల తప్పదు. కిటికీలు మూయండి. యూఎస్‌బీ మైకులలో చాలావాటికి ముందు వైపు చెవి ఉంటుంది, వెనక వైపు దాదాపు చెవుడు. ఆ చెవిటి వైపును కిటికీకి తిప్పండి. మరొక సంగతి: కొన్ని మైకులకు మాట్లాడవలసింది కొసకు కాదు, పక్కకు. కొన్నప్పుడు వచ్చిన కాగితం చదివి తెలుసుకోండి.

మైకు పెట్టే తీరు

చేసి చూడండి: సన్నని కాగితపు ముక్కను నోటి ముందు పట్టుకుని 'నలుపు' అనండి. కాగితం పెద్దగా కదలదు. 'ఫలము' 'భారతము' అని గట్టిగా అనండి. ఎగిరిపడుతుంది. ఆ గాలి మైకును తాకితే 'ధబ్' మని మోగుతుంది. బల్ల మైకును నోటికి జానెడు దూరంలో, సూటిగా కాక కాస్త పక్కగా ఉంచండి. గాలి పక్కనుంచి పోతుంది, మాట చేరుతుంది. మైకుకు స్పాంజి టోపీ ఉంటే తొడగండి.

కాలరు మైకును గడ్డానికి జానెడు కింద, బట్టకు పైవైపున తగిలించాలి. చున్నీ కింద పెడితే రాపిడి తప్ప ఏమీ వినబడదు. మెడలో గొలుసు మైకుకు తగలకుండా చూసుకోండి.

తరువాత గొంతు మట్టం. పరికరం మీ గొంతును సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. దాని కొలపాత్రకు ఒక అంచు ఉన్నది. కుంచం మీద రాశిపోసిన బియ్యాన్ని తలకొట్టినట్టు, ఆ అంచు దాటిన అలల శిఖరాలను అది కొట్టివేస్తుంది. ఆ మాట బొంగురుగా మారుతుంది. తరువాత ఎవరూ బాగుచెయ్యలేరు. కథలో గట్టిగా అరిచే చోటును చదువుతూ, ముల్లు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఉండేటట్టు మట్టం పెట్టండి. ముల్లు లేని ఫోను అయితే రికార్డు చేసి వినండి. పరీక్షకు ఈ వాక్యం వాడుకోండి: "పాప భద్రంగా పాలచెంబు పట్టుకున్నది, శేషయ్య సంచిలో శనగలు సర్దాడు."

మీ ప్రసారాన్ని అదే గదిలో మరొక ఫోనులో పెట్టి వినకండి. లైవు కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మీ పాత మాట మళ్ళీ మైకులో దూరి, కొత్త మాటతో కలబడుతుంది. వినాలంటే చెవులకు ఇయర్‌ఫోను పెట్టుకోండి.

తల్లిదండ్రులకు ఒక మాట

2025 జూలై నుంచి యూట్యూబు నియమం ప్రకారం 16 ఏళ్ళు నిండనివారు ఒంటరిగా లైవు చెయ్యరాదు. పెద్దవారు తామూ తెరమీద కనిపిస్తూ పక్కన కూర్చుని చేయించాలి. ఇది మంచి నియమమే. మైకుకు ఏరుకునే తెలివి లేదని మొదటే చెప్పుకున్నాం. ఇంటి చిరునామా, బడి పేరు, బ్యాంకు నుంచి వచ్చిన ఫోనులో మీరు పైకి చదివిన అంకెలు, పక్కగదిలో పడిన మాటలు – అన్నీ అది పంపేస్తుంది. తాతయ్యా, అమ్మమ్మా మాత్రమే వినవలసినదాన్ని లోకమంతటికీ తెరవకండి. వారికి మాత్రమే లింకు పంపే వీలున్నది. ప్రసారం ముగిశాక ఆపినట్టు తెర మీద చూసి, ఆ తరువాతనే మాట్లాడుకోండి.

బాలలూ! ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. ఇంట్లో ఉన్న ఫోనుతోనే ఒక పేరాను జానెడు, రెండు జానలు, ఆరు జానల దూరంలో చదివి రికార్డు చెయ్యండి. దూరం చెప్పకుండా ఇంట్లోవారికి వినిపించి, ఎన్ని మాటలు తెలిసినవో నోటుపుస్తకంలో రాసుకోండి. కొత్త మైకు కొనాలో అక్కరలేదో ఆ లెక్కే మీకు చెబుతుంది.