మీకు తెలుసా? రేకుల కింద రాత్రి చల్లబడదు

మే నెలలో రాత్రి పదింటికి హైదరాబాద్‌లోని నాచారం పారిశ్రామికవాడ పక్క బస్తీలో ఒక రేకుల ఇంట్లోకి వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. ఇంకా కాలుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే వేడిగాలే కొడుతుంది. పగలంతా చెమటోడ్చిన ఒంటికి రాత్రి కూడా తెరిపి దొరకకపోవడమే అసలు ప్రమాదం.

ఇంటి కప్పుకు తెల్లని పూత వేసినా, తెల్లని షీటు పరిచినా ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. 2017లో హైదరాబాద్ బస్తీలో 25 పేదల ఇళ్లపై ఇలాంటి షీటు పరిచి చూస్తే లోపల వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేసింది. ఉప్పల్‌లో అరవై గజాల రేకుల ఇంటికి మాత్రం అది ఐచ్ఛికమే. ముందు చల్లబడాల్సింది ఆ ఇల్లే కదా!

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తారు.

ఎండలో ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.