మాటలతో జబ్బు తగ్గుతుందా?

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. అలాంటి ప్రమాదం చూసినవారికి ఒంటిమీద గాయం లేకపోయినా మనసులో ఒకటి మిగిలిపోవచ్చు. సైరన్ మోగితే గుండె దడ. నిద్రలో ఉలిక్కిపడి లేవడం. ఆ గేటు వైపు వెళ్లాలంటే కాళ్లు రావు. ఇంట్లోవాళ్లేమో "ధైర్యం తెచ్చుకో" అంటారు. ధైర్యం అంగట్లో దొరికే సరుకైతే ఎప్పుడో తెచ్చుకునేవాడు!

మొదటి కొన్ని వారాలు ఇలా ఉండడం సహజమే. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే చికిత్స అవసరం.

మానసిక చికిత్స అంటే ఓదార్పు మాటలు కావు. భయపడిన మనిషి భయపెట్టే చోటుకు దూరంగా ఉంటాడు. ఆ పూటకు హాయిగా ఉంటుంది. కానీ "తప్పించుకున్నాను కాబట్టే బతికాను" అని మనసు నేర్చుకుంటుంది, భయం ఇంకా బలపడుతుంది. అందుకే కౌన్సెలర్ జరిగినదాన్ని మెల్లగా చెప్పించి, మానేసిన పనులను మెట్టుమెట్టుగా మళ్లీ చేయిస్తారు. ఈ రోజు బస్టాపు దాకా, వచ్చే వారం గేటు దాకా. ఇంటి దగ్గర చేసే ఈ సాధనే అసలు మందు. అలా నేర్చుకున్నది చికిత్స ముగిశాక కూడా మనతోనే ఉంటుంది.

దిగులు జబ్బుకూ ఇలాంటి పద్ధతి ఉంది. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఒక్కో రోగితో 6 నుంచి 8 సార్లు మాట్లాడించారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారికంటే వీరిలో ఎక్కువమంది కోలుకున్నారని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అయితే జబ్బు తీవ్రంగా ఉంటే మాత్రలు కూడా కావాలి. డాక్టరును అడగకుండా వాటిని ఆపకండి.

మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. నిద్ర కోసం కల్లు తాగేవారు చాలామంది. అందులో మత్తుమందు కలిస్తే అది లేనిదే నిద్ర పట్టదు, ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. తాగుడు సంగతి దాచిపెడితే చికిత్స ముందుకు సాగదు.

టెలి మానస్ 14416కు ఉచితంగా, ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే కాదు, హిందీలోనూ మాట్లాడతారు. మీ పక్క గదిలో ఉండే బీహార్ కార్మికునికి ఈ నంబరు రాసి ఇవ్వండి. చావు మాటలు ఎవరైనా మాట్లాడితే మాత్రం ఫోన్‌తో సరిపెట్టకుండా, ఆ రోజే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకురండి.