సాస్ సీసాలో లక్ష గ్యాలన్ల నీళ్లు!

మీది సివిలో, మెకానికలో అయితే ఈ మాట వినే ఉంటారు: 'కోర్‌లో ఏముంది, పైథాన్ నేర్చుకో' అని. నేర్చుకోండి, తప్పేం లేదు. నేనూ ఇంజినీరింగ్ చదివి ఇటొచ్చినవాడినే. కానీ మీ సబ్జెక్టులు రోడ్డు పక్కన నిలబడి పలకరిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే, అమెరికాలో షికాగో నుంచి పడమరకు కారేసుకుని వెళ్లాలి. ఎమ్మెస్‌కి వెళ్లే ఆలోచనలో ఉన్నవాళ్లు రాసిపెట్టుకోండి. మిగతావాళ్లకు గూగుల్ స్ట్రీట్ వ్యూ ఉండనే ఉంది, వీసా అక్కర్లేదు.

ఆ దారి పేరు రూట్ 66. 1926లో మొదలైంది. షికాగో నుంచి శాంటా మోనికా దాకా దాదాపు 3,900 కిలోమీటర్లు. దారి పొడవునా హోటళ్లు, పెట్రోలు బంకులు. వాళ్లందరిదీ ఒకటే సమస్య. కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందంటే సెకనుకు 22 మీటర్లు. బోర్డు చదివి, ఆగాలా వద్దా అనుకునేలోపు హోటల్ వెనక్కి పోతుంది. అందుకే కిలోమీటరు దూరం నుంచే కనిపించేంత పెద్ద బొమ్మలు పెట్టారు.

1960ల్లో కాలిఫోర్నియాలోని ఇంటర్నేషనల్ ఫైబర్‌గ్లాస్ అనే సంస్థ ఇలాంటి మనుషుల బొమ్మలు చేసి అమ్మింది. తొలి బొమ్మ గొడ్డలి పట్టుకున్న కట్టెలు కొట్టేవాడిది. తర్వాత అదే అచ్చు వాడి, చేతిలో వస్తువు మార్చేశారు. ఒకడి చేతిలో కారు మఫ్లర్, ఇంకొకడి చేతిలో టైరు. ఇల్లినాయ్‌లోని విల్మింగ్టన్‌లో ఉన్న 'జెమినీ జెయింట్' చేతిలో ఏకంగా రాకెట్! ఈసారి ఫొటో చూస్తే చేతులు గమనించండి. ఒక అరచేయి పైకి, ఇంకొకటి కిందికి ఉంటాయి. అది గొడ్డలి పట్టు. మన భాషలో చెప్పాలంటే కోడ్ రీయూజ్, పాత ఫంక్షన్ ఆనవాళ్లతో సహా.

సివిల్ వాళ్ల కోసం కాలిన్స్‌విల్ దగ్గర ఆగాలి. అక్కడ 1949లో ఓ సాస్ ఫ్యాక్టరీ కోసం సీసా ఆకారంలో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారు. 100 అడుగుల కాళ్లు, వాటి మీద 70 అడుగుల సీసా. లోపల పట్టేది లక్ష గ్యాలన్లు, అంటే సుమారు 3.78 లక్షల లీటర్లు. నీటి బరువే 378 టన్నులు! గాలి ఒత్తిడి వేరే లెక్క. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు గాలికి పడిపోయే ప్రమాదం ఎక్కువా, ఖాళీగా ఉన్నప్పుడా? కాగితం మీద వేసి చూడండి. ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్నే.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం రూట్ 66 మీద లేదు. అదే రాష్ట్రంలో కేసీ అనే ఊరు, జనాభా రెండున్నర వేల లోపే. పైపులైన్లు, ట్యాంకుల పని చేసే కుటుంబానికి చెందిన జిమ్ బోలిన్ అనే ఆయన, ఊరికి జనం రావాలని 2011లో భారీ విండ్ చైమ్ నిలబెట్టాడు. తర్వాత 56 అడుగుల ఊగే కుర్చీ, మనుషులు ఎక్కగలిగే పోస్టు డబ్బా, అల్లిక సూదులు... అన్నీ గిన్నిస్‌కెక్కాయి. అసలు మెలిక ఏంటంటే, పెద్దగా ఉంటే చాలదు, పనిచేయాలి. పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరం చేరాలి. ఆ భారీ సూదులతో నిజంగా అల్లి చూపించాల్సి వచ్చింది.

ఇప్పుడు మీ ఫైనలియర్ ప్రాజెక్టు సంగతి. అమీర్‌పేటలో కొన్నదైతే, 'ఈ కొలతే ఎందుకు తీసుకున్నారు?' అన్న రెండో ప్రశ్నకే ఆగిపోతారు. దాని బదులు ఈ సీసానో, ఆ కుర్చీనో తీసుకుని బరువు, గాలి, పునాది లెక్కలు రెండు పేజీల్లో వేసి రెజ్యూమెకు జత చేయండి. తప్పొచ్చినా మీ తప్పే కాబట్టి మాట్లాడగలరు.

వెళ్లేవాళ్లకు ఇంకొక్క మాట. టెక్సస్‌లో అమరిల్లో దగ్గర 1974లో పది కాడిలాక్ కార్లను ముక్కు కిందికి ఉండేలా నేలలో సగం పాతారు. నగరం పెరగడంతో 1997లో ఇంకాస్త పడమరకు జరిపారు. ఎవరైనా వాటి మీద రంగు వేయొచ్చు. స్ప్రే డబ్బా తీసుకెళ్లి పేరు రాసుకోండి, వెంటనే ఫొటో తీసుకోండి. కాసేపటికే దాని మీద ఇంకొకరు రాసేస్తారు. ఖాళీ డబ్బా మాత్రం పొలంలో పడేయకండి.